లైకులు కాదు.. ఎంక్వైరీలు రావాలి!

సోషల్ మీడియా ఉద్యోగం అనగానే రీల్స్, మీమ్స్, లక్షల్లో ఫాలోవర్లు గుర్తొస్తారు. కానీ వాల్వులు, రియాక్టర్లు, సాఫ్ట్‌వేర్లు తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్మే సంస్థలకూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. అక్కడ కెమెరా ముందు డ్యాన్స్ చేయాల్సిన పనిలేదు. సబ్జెక్టు అర్థం చేసుకుని, నలుగురికీ అర్థమయ్యేలా రాయగలిగితే చాలు. ఇంజినీరింగ్, ఫార్మసీ, బీఎస్సీ, బీకాం.. ఏ కోర్సు చదువుతున్నా ఈ దారిలో మొదటి అడుగు ఎలా వేయొచ్చో చూద్దాం.

మందుల షాపుకెళ్లి 'దివీస్ మాత్ర ఇవ్వండి' అని ఎవరూ అడగరు. కానీ 1990లో హైదరాబాద్‌లో మొదలైన దివీస్ ల్యాబొరేటరీస్ దేశవిదేశాల్లోని ఔషధ కంపెనీలకు ముడి ఔషధాలు సరఫరా చేస్తోంది. 1970లో మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ తయారుచేసే భాగాలు అణు విద్యుత్ కేంద్రాలకు, ఇస్రో రాకెట్లకు వెళ్తాయి. 2015లో ఇక్కడే పుట్టిన డార్విన్‌బాక్స్ తన హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలకు అమ్ముతుంది. ఈ మూడింటికీ ఒకటే పోలిక. వీటి దగ్గర కొనేది మనలాంటి వాళ్లం కాదు, మరో సంస్థ. దీన్నే బిజినెస్ టు బిజినెస్, క్లుప్తంగా బీ2బీ అంటారు.

ఇవి పెద్ద పేర్లు. వీటి కింద కనిపించని చిన్న యూనిట్లు బోలెడు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, విశాఖ ఆటోనగర్, పరవాడ.. ఎక్కడికెళ్లినా కనిపిస్తాయి. వీటిలో కొన్నింటి ఫేస్‌బుక్ పేజీ ఒకసారి తెరిచి చూడండి. సంక్రాంతి శుభాకాంక్షలు, ఉగాది శుభాకాంక్షలు, దసరా శుభాకాంక్షలు. మధ్యలో ఏమీ ఉండదు! ఆ కంపెనీ ఏం చేస్తుందో, ఎవరికి చేస్తుందో, ఎంత బాగా చేస్తుందో పేజీ చూస్తే తెలియదు. అలాంటి యూనిట్‌కు ఉన్న ఒక్క పెద్ద కస్టమర్ ఆర్డర్లు తగ్గిస్తే జీతాలకే ఇబ్బంది. రెండో కస్టమర్, మూడో కస్టమర్ దొరకడం వాళ్లకు బతుకుదెరువు సమస్య. మీకు ఉద్యోగావకాశం ఉన్నది సరిగ్గా అక్కడే.

ఒక ఆర్డర్ వెనక ఎంతమంది?

మనం ఫోన్ కొనాలంటే రెండు రివ్యూలు చూసి, ఒక ఫ్రెండ్‌ను అడిగి, సాయంత్రానికల్లా కొనేస్తాం. కంపెనీలు అలా కొనవు. ఒక ఫార్మా ప్లాంట్‌కు రియాక్టర్ కావాలంటే ప్రొడక్షన్ హెడ్ దాని సామర్థ్యం చూస్తారు. క్వాలిటీ విభాగం వాళ్లు డాక్యుమెంట్లు అడుగుతారు. 'సీల్ పాడైతే కొత్తది ఎన్ని రోజుల్లో పంపుతారు?' అన్నది మెయింటెనెన్స్ ఇంజినీర్ ప్రశ్న. పర్చేజ్ మేనేజర్ ధర తగ్గించమంటారు. ఫైనాన్స్ వాళ్లు చెల్లింపు గడువు పెంచమంటారు. సంక్లిష్టమైన బీ2బీ కొనుగోలులో సాధారణంగా 6 నుంచి 10 మంది నిర్ణయంలో పాలుపంచుకుంటారని గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ చెబుతోంది. కొటేషన్ దగ్గర మొదలైన వ్యవహారం పర్చేజ్ ఆర్డర్ దాకా రావడానికి నెలలు పట్టొచ్చు.

ఇంకో లెక్క చూడండి. ఆస్ట్రేలియాలోని ఎరెన్‌బర్గ్ బాస్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ జాన్ డావ్స్ 2021లో '95:5' అనే సూత్రం చెప్పారు. ఒక కంపెనీ తన కంప్యూటర్లనో, బ్యాంకునో సుమారు ఐదేళ్లకోసారి మారుస్తుందనుకుందాం. అంటే ఏడాదిలో 20 శాతం కంపెనీలు, మూడు నెలల్లో 5 శాతం కంపెనీలు మాత్రమే కొనే పనిలో ఉంటాయి. మిగతా 95 శాతం ఇప్పుడు కొనవు. ఈ నిష్పత్తి అన్ని రంగాల్లో ఒకేలా ఉండదు కానీ విషయం మాత్రం అదే.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, 'ఈరోజే ఆర్డర్ చేయండి' అనే పోస్టు చాలామందికి పనికిరాదు. రెండు, అవసరం వచ్చిన రోజున గుర్తుకు రావాలంటే అంతకుముందు నుంచే వాళ్లకు ఉపయోగపడే మాటలు చెబుతూ ఉండాలి. బీ2బీ సోషల్ మీడియా అంటే ఇంతే. అమ్మకానికి ముందే నమ్మకం సంపాదించడం.

సముద్రం మీద ఓడ, చెన్నైలో స్టార్టప్

'ఇలాంటి కంపెనీల పోస్టులు ఎవరు చూస్తారు, బోర్ కదా?' అని నా బ్యాచ్‌మేట్లు అడుగుతుంటారు. డెన్మార్క్‌కు చెందిన మెర్స్క్ లైన్ కథ దానికి మంచి జవాబు. కంటెయినర్లను ఓడల్లో మోసే కంపెనీ అది. అంతకంటే బోర్ వ్యాపారం ఏముంటుంది? 2011లో వాళ్లు సోషల్ మీడియాలోకి వచ్చారు. ఖరీదైన యాడ్స్ తీయలేదు. కంపెనీ పాత ఫొటోల భాండాగారంలోంచి ఓడలు, రేవులు, నావికుల చిత్రాలు తీసి వాటి వెనకున్న కథలు చెప్పారు. 2012లో వాళ్ల ఓడ ఒకటి తిమింగలాన్ని ఢీకొంది. ఆ విషయం దాచకుండా, ఆ తిమింగలం జ్ఞాపకార్థం అంటూ పింటరెస్ట్‌లో ఆల్బమ్ పెట్టారు.

మనకు ముఖ్యమైంది మరొకటి. చలికాలంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవు దగ్గర సముద్రం గడ్డకడుతుంది. అక్కడి సరకు కోసం మెర్స్క్‌కు అప్పట్లో ఒక ప్రత్యేక సేవ ఉండేది. దాని గురించి నడిపిన ప్రచారంతో దాదాపు 150 ఎంక్వైరీలు వచ్చాయని అప్పటి సోషల్ మీడియా విభాగం అధిపతి ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. సినిమా పాటకు లక్షల్లో లైకులొచ్చే రోజుల్లో 150 అంటే ఏపాటి అనిపిస్తుంది. కానీ ఓడల్లో సరకు పంపే కంపెనీల నుంచి, అదీ ఒకే రేవుకు సంబంధించి, 150 ఎంక్వైరీలంటే మాటలు కాదు.

రెండోది మనకు దగ్గర కథ. 2010లో హ్యాకర్ న్యూస్ అనే సైట్‌లో ఒక చర్చ నడిచింది. జెండెస్క్ అనే కస్టమర్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ ధర పెంచేసిందని వాడేవాళ్లు అక్కడ కోపంగా కామెంట్లు పెట్టారు. చెన్నైలో ఉన్న గిరీష్ మాతృభూతం అవి చదివారు. ఇంతమందికి ఇబ్బంది ఉందంటే ఇక్కడ వ్యాపారం ఉందని అర్థం చేసుకున్నారు. అలా మొదలైన ఫ్రెష్‌డెస్క్, తర్వాత ఫ్రెష్‌వర్క్స్‌గా పేరు మార్చుకుని 2021 సెప్టెంబరులో అమెరికాలోని నాస్‌డాక్‌లో లిస్టయింది. ఇందులో పాఠం ఏంటంటే, సోషల్ మీడియాలో మొదటి పని మాట్లాడటం కాదు, వినడం. కస్టమర్లు ఎక్కడ కూడి మాట్లాడుకుంటున్నారో, దేని గురించి విసుక్కుంటున్నారో తెలుసుకున్నాకే రాయడం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నింట్లో ఒకేసారి ఖాతాలు తెరిచేయడం చాలా కంపెనీలు చేసే పని. మూడు నెలలకు అన్నీ మూలన పడతాయి. ఒకటి ప్రధానంగా, ఇంకొకటి తోడుగా పెట్టుకుంటే చాలు.

లింక్డ్ఇన్: 2003లో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. వంద కోట్లకు పైగా సభ్యులున్నారు, అమెరికా తర్వాత ఎక్కువమంది మన దేశంలోనే. ఎవరు ఏ కంపెనీలో ఏ హోదాలో ఉన్నారో ఇక్కడ తెలుస్తుంది. అందుకే బీ2బీకి ఇదే మొదటి మెట్టు. కంపెనీ పేజీతో పాటు యజమాని, సేల్స్ మేనేజర్, సీనియర్ ఇంజినీర్ల ప్రొఫైళ్లు కూడా సిద్ధం చేయాలి. సాధారణంగా లోగో పెట్టిన పోస్టు కంటే మనిషి పేరుతో వచ్చిన పోస్టునే జనం ఎక్కువగా చదువుతారు.

యూట్యూబ్: మెషిన్ ఎలా నడుస్తుంది, సీల్ ఎలా మార్చాలి, ప్యాకింగ్ ఎలా చేస్తారు.. చూపిస్తేనే అర్థమయ్యే విషయాలకు ఇది సరైన చోటు. మూడు నిమిషాల వీడియో ఏళ్ల తరబడి సెర్చ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. సర్వీస్ ఇంజినీర్‌కు వచ్చే ఫోన్లు కూడా తగ్గుతాయి.

వాట్సాప్ బిజినెస్: మన దగ్గర సగం వ్యాపారం నడిచేది దీని మీదే. 2018లో వచ్చిన ఈ యాప్‌లో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉంచుకోవచ్చు. కొత్తవాళ్లను వెతకడానికి కాదు, పరిచయమైన వాళ్లతో సంబంధం నిలుపుకోవడానికి వాడాలి.

ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్: సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఎక్స్ బాగా పనికొస్తుంది. డెవలపర్లు అక్కడ ఉంటారు. ఇన్‌స్టాగ్రామ్ మాత్రం కస్టమర్ల కంటే ఉద్యోగులను ఆకర్షించడానికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఏది ఎంచుకోవాలో తేలకపోతే యజమానిని ఒక్క ప్రశ్న అడగండి. 'సార్, మన చివరి ఐదుగురు కస్టమర్లు మన గురించి ఎలా తెలుసుకున్నారు?' ఎగ్జిబిషన్‌లో కలిశారా, పాత కస్టమర్ చెప్పారా, 1996 నుంచి నడుస్తున్న ఇండియామార్ట్ లాంటి సైట్‌లో చూశారా? ఆ జవాబులోనే మీ దారి ఉంటుంది.

రాయడానికి విషయం ఎక్కడిది?

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. 'రోజూ ఏం పోస్ట్ చేయాలి?' అని గూగుల్‌నో, చాట్‌జీపీటీనో అడుగుతారు. అది ఇచ్చేదే పక్క కంపెనీకీ ఇస్తుంది. అందరి పేజీల్లో అవే వాక్యాలు, అవే రాకెట్ ఎమోజీలు! గ్రామర్ సరిచూసుకోవడానికి, పొడవైన వాక్యాన్ని కుదించడానికి ఏఐ టూల్స్ వాడుకోండి, తప్పులేదు. కానీ విషయం మాత్రం కంపెనీలో నుంచే రావాలి.

జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు చేసే ఒక యూనిట్ ఉందనుకుందాం. 40 మంది పనిచేస్తున్నారు. మీరు కొత్తగా చేరారు. మొదటి వారం కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. షాప్ ఫ్లోర్ మీదకు వెళ్లండి. వెల్డర్‌ను 'అన్నా, ఈ జాయింట్ ఇలాగే ఎందుకు వేయాలి?' అని అడగండి. క్వాలిటీ సూపర్‌వైజర్ ఏ కొలతకు పీస్‌ను రిజెక్ట్ చేస్తారో కనుక్కోండి. సేల్స్ వాళ్ల మెయిల్స్ చూడండి. కస్టమర్లు పదే పదే అడిగే ప్రశ్నలు కనీసం 20 దొరుకుతాయి. ఒక్కో ప్రశ్న ఒక్కో పోస్టు. రెండున్నర నెలలకు సరిపడా విషయం ఒక్క వారంలో చేతికొస్తుంది.

ఉదాహరణకు ఇలాంటి పోస్టు:

'304 గ్రేడ్ స్టీల్ సరిపోతుంది కదా, 316ఎల్ ఎందుకు? ధర ఎక్కువ కదా? మాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడ్లు తగిలే చోట గుంటలు పడే తుప్పును అది బాగా అడ్డుకుంటుంది. ఎల్ అంటే లో కార్బన్. కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి వెల్డింగ్ చేసిన చోట తుప్పు ముప్పు తగ్గుతుంది. మీ ప్రాసెస్‌లో క్లోరైడ్లు, వేడి తక్కువైతే 304తోనే పని జరగొచ్చు. ఆర్డర్ ఇచ్చే ముందు మీ ప్రాసెస్ వివరాలు పంపండి. ఏది అవసరమో చెబుతాం.'

ఈ పోస్టులో 'మేమే నంబర్ వన్' అన్న మాట లేదు. తక్కువ ధర సరుకు సరిపోయే చోట సరిపోతుందనే చెప్పింది. అలా చెప్పిన సరఫరాదారు రేపు 'ఇక్కడ మాత్రం ఖరీదైనదే వాడాలి' అంటే కస్టమర్ నమ్ముతారు. ఇంకో సంగతి. ఇది మీకు తెలిసిన మెటలర్జీ పాఠమే. సెమిస్టర్ పరీక్షకు చదివి వదిలేసిందే ఇక్కడ పనికొచ్చింది.

ఇక భాష విషయం. చాలా బీ2బీ పోస్టులు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కొనేవాళ్లు పుణెలోనో, దుబాయ్‌లోనో ఉండొచ్చు. కానీ అసలు విషయం తెలిసిన ఫిట్టర్, ఫోర్‌మన్ తెలుగులోనో, హిందీలోనో చెబుతారు. వాళ్ల మాటను చక్కగా విని, సులువైన ఇంగ్లిష్‌లోకి తేవడమే ఈ ఉద్యోగంలో అసలు పని. తెలుగు మీడియంలో చదివామని వెనకాడేవాళ్లకు ఇది లోటు కాదు, బలం. షేక్‌స్పియర్ ఇంగ్లిష్ అక్కర్లేదు. చిన్న వాక్యాలు, సరైన టెక్నికల్ పదాలు, తప్పుల్లేని అంకెలు ఉంటే చాలు.

తొలి 90 రోజుల ప్లాన్

1వ, 2వ వారం: వినండి. షాప్ ఫ్లోర్, సేల్స్, సర్వీస్ విభాగాల్లో ప్రశ్నలు సేకరించండి. ముగ్గురు పోటీదారుల పేజీలు, పదిమంది కస్టమర్ల ప్రొఫైళ్లు గమనించండి.

3వ వారం: ఇల్లు సర్దండి. వెబ్‌సైట్‌లోని ఫోన్ నంబర్, మెయిల్ పనిచేస్తున్నాయో లేదో స్వయంగా ఒక ఎంక్వైరీ పంపి చూడండి. లింక్డ్ఇన్ పేజీలో లోగో, చిరునామా, ఉత్పత్తుల వివరాలు పూర్తి చేయండి. పేజీకి కనీసం ఇద్దరు సూపర్ అడ్మిన్లు ఉండాలి. ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ ఉద్యోగి వెళ్లిపోయిన రోజున పేజీ కూడా వెళ్లిపోయినట్టే.

4వ నుంచి 8వ వారం: వారానికి రెండు పోస్టులు చాలు. ఒకటి కస్టమర్ ప్రశ్నకు జవాబు, రెండోది పని జరిగే తీరు. మొదటి మూడు లైన్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. లింక్డ్ఇన్ ఫీడ్‌లో మొదట కనిపించేవి దాదాపు అవే. పోస్టు పెట్టి వదిలేయకుండా కస్టమర్ల పోస్టుల కింద అర్థవంతమైన కామెంట్లు రాయండి. 'గ్రేట్ పోస్ట్ సర్' అనేది కామెంట్ కాదు.

9వ నుంచి 12వ వారం: బాగా నడిచిన పోస్టులను మూడు నాలుగు పేజీల పీడీఎఫ్‌గా, చిన్న వీడియోగా మార్చండి. సేల్స్ టీమ్‌కు ఇవ్వండి. కస్టమర్ అడిగినప్పుడు వాళ్లు వాట్సాప్‌లో పంపుతారు. నిజానికి ఆ పీడీఎఫ్ ఒక్క పర్చేజ్ మేనేజర్ చేతికి చేరి, ఆయన నుంచి క్వాలిటీ విభాగానికి, అక్కడి నుంచి ఫైనాన్స్‌కు ఫార్వర్డ్ అయితే అంతకంటే కావాల్సింది ఏముంది? ఇలాంటి షేరింగ్ ఏ రిపోర్టులోనూ కనిపించదు, కానీ ఆర్డర్ తెచ్చేది అదే.

ఓనర్‌కు లెక్క చెప్పాలి

మూడు నెలలయ్యాక ఎండీ గారు తప్పకుండా అడుగుతారు. 'దీనివల్ల ఏమొచ్చింది?' ఫాలోవర్లు 200 పెరిగారని చెబితే ఆయన ముఖం మారిపోతుంది. అందుకే మొదటి రోజు నుంచే ఒక షీట్ పెట్టుకోండి. తేదీ, ఎంక్వైరీ పంపిన కంపెనీ, అడిగిన ఉత్పత్తి, ఎలా తెలిసింది, ఏ దశలో ఉంది.. ఈ ఐదు కాలమ్స్ చాలు. ఫోన్ ఎత్తేవాళ్లకు, ఎంక్వైరీ ఫామ్‌లో కూడా 'మా గురించి ఎలా తెలిసింది?' అనే ప్రశ్న తప్పనిసరి చేయించండి. ఖరీదైన టూల్స్ కంటే ఈ ప్రశ్నే ఎక్కువ చెబుతుంది.

పోస్టుల్లో పెట్టే లింకులకు యూటీఎం ట్యాగులు జోడించడం నేర్చుకోండి. ఏ పోస్టు నుంచి ఎంతమంది సైట్‌కు వచ్చారో గూగుల్ అనలిటిక్స్‌లో తెలుస్తుంది. లింక్డ్ఇన్ పేజీ అనలిటిక్స్‌లో వచ్చినవాళ్లు ఏ పరిశ్రమ, ఏ విభాగం, ఏ ఊరు అనేది కనిపిస్తుంది. చూసినవాళ్లు 80 మందే అయినా వాళ్లలో 30 మంది ఫార్మా వాళ్లయితే పోస్టు పనిచేసినట్టు. చూసినవాళ్లు 8 వేలమంది అయినా అంతా ఉద్యోగాలు వెతికే విద్యార్థులే అయితే అమ్మకాల లెక్కలో అది సున్నా.

ఇంకో మాట ముందే చెప్పేయండి. ఆర్డర్‌కు ఆరు నెలలు పట్టే వ్యాపారంలో మూడు నెలలకే ఆర్డర్ చూపించలేం. అప్పటికి చూపించగలిగేది సరైన వాళ్ల నుంచి వచ్చిన ఎంక్వైరీలు, కొటేషన్ దాకా వెళ్లినవి ఎన్ని అన్నది. చేరేముందే ఈ మాట అనుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

ఈ గీతలు దాటొద్దు

• కస్టమర్ పేరు, లోగో, డ్రాయింగ్.. ఏది పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. రక్షణ, అంతరిక్ష, ఔషధ రంగాల కాంట్రాక్టుల్లో గోప్యత నిబంధనలు గట్టిగా ఉంటాయి. ఒక్క ఫొటోతో ఏళ్లనాటి కస్టమర్ పోవచ్చు.

• ఫొటో పెట్టేముందు వెనక ఏముందో చూడండి. బోర్డు మీద మరో కస్టమర్ పేరు, టేబుల్ మీద ధరల పేపర్, కళ్లద్దాలు లేకుండా గ్రైండింగ్ చేస్తున్న కార్మికుడు.. మీకు కనిపించకపోయినా ఆడిట్‌కు వచ్చే కస్టమర్‌కు కనిపిస్తాయి. ఆ అద్దాలు లేకపోవడం ఫొటో సమస్య కాదు, కన్ను సమస్య. ఫొటో తీయడం ఆపి ముందు సూపర్‌వైజర్‌కు చెప్పండి.

• టెక్నికల్ పోస్టు ఏదైనా ఇంజినీర్ చూశాకే బయటకు వెళ్లాలి. మిల్లీమీటర్‌కు బదులు మైక్రాన్ పడితే కంపెనీ పరువు పోతుంది.

• ఫాలోవర్లను కొనొద్దు. నంబర్ల జాబితాలు కొని మూకుమ్మడి మెసేజ్‌లు పంపొద్దు. దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. అంతకుముందు మర్యాద కూడా ఒకటుంది.

• ట్రెండింగ్ సినిమా పాట పెట్టి కంపెనీ వీడియో చేయొద్దు. వ్యక్తిగత ఖాతాలో నడిచేది వ్యాపార ఖాతాలో కాపీరైట్ గొడవ అవుతుంది.

అనుభవం లేదు.. ఉద్యోగం ఎలా?

కంటెంట్ రైటర్, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్, డిజిటల్ మార్కెటింగ్ అసోసియేట్, ప్రొడక్ట్ మార్కెటింగ్ ట్రెయినీ, సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్.. నోటిఫికేషన్లలో ఇలాంటి పేర్లు కనిపిస్తాయి. చిన్న యూనిట్లు అసలు ప్రకటనే ఇవ్వవు. 'మా వెబ్‌సైట్ చూసుకునే అబ్బాయి కావాలి, అమ్మాయి అయినా సరే' అని తెలిసినవాళ్లకు చెబుతారు. అంతే. కాబట్టి ప్రకటనల కోసం ఎదురుచూడకుండా పని చూపించండి.

మీ బ్రాంచికి దగ్గరగా ఉన్న ఒక పరిశ్రమను ఎంచుకోండి. సివిల్ అయితే రెడీమిక్స్ కాంక్రీట్, ఈఈఈ అయితే ట్రాన్స్‌ఫార్మర్లు, ఫార్మసీ అయితే ముడి ఔషధాలు, బీకాం అయితే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. ఆ రంగంలో కొనేవాళ్లకు వచ్చే పది ప్రశ్నలకు మీ సొంత లింక్డ్ఇన్ ప్రొఫైల్‌లో పది వారాల్లో పది పోస్టులు రాయండి. ప్రొఫైల్ పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? 'ట్రాన్స్‌ఫార్మర్ల గురించి సులువుగా రాస్తాను, ఈఈఈ ఫైనలియర్' అంటే మీరెవరో తెలుస్తుంది.

తర్వాత తెలిసినవాళ్ల యూనిట్ ఒకటి పట్టుకోండి. మావయ్యదో, స్నేహితుడి నాన్నగారిదో, ఇంటర్న్‌షిప్ చేసినదో. 'ఎనిమిది వారాలు మీ పేజీ చూసుకుంటాను. పని నచ్చితే లెటర్ ఇవ్వండి, నేను చేసిన పోస్టులు నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోనివ్వండి' అని ముందే మాట్లాడుకోండి. గడువు లేకుండా ఉచితంగా చేస్తూ పోవద్దు. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ముందు డబ్బు కట్టండి అనేవాళ్ల జోలికి అసలే వెళ్లొద్దు.

కోర్సులకు వేలకు వేలు పోయక్కర్లేదు. హబ్‌స్పాట్ అకాడమీ, గూగుల్ స్కిల్‌షాప్, లింక్డ్ఇన్ మార్కెటింగ్ ల్యాబ్స్‌లో ఉచిత పాఠాలున్నాయి. ముందు అవి పూర్తి చేయండి. సర్టిఫికెట్ తలుపు దగ్గర దాకా తీసుకెళ్తుంది. లోపలికి తీసుకెళ్లేది మీరు చేసి చూపించిన పనే.

ఇంటర్వ్యూలో సాధారణంగా ఎదురయ్యే మూడు ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి.

'మా పేజీ చూశారా? ఏం మారుస్తారు?' ముందురోజు రాత్రే చూసి మూడు సూచనలు రాసుకెళ్లండి. 'డిజైన్ బాగోలేదు' అనొద్దు. 'మీ పంపు ఎన్ని మీటర్ల హెడ్ ఇస్తుందో ఎక్కడా లేదు, కొనేవాళ్లు మొదట చూసేది అదే కదా సార్' అనండి.

'మా ప్రొడక్ట్‌ను రెండు నిమిషాల్లో వివరించండి.' ఇంట్లో అమ్మకు చెప్పి ప్రాక్టీస్ చేయండి. ఆమెకు అర్థమైతే ఫైనాన్స్ మేనేజర్‌కూ అర్థమవుతుంది.

'నెలకు ఎన్ని లైకులు తెస్తారు?' ఇది పరీక్షే. 'లైకుల కంటే మీ కస్టమర్లు ఎలాంటివాళ్లో ముందు చెప్పండి సార్. వాళ్లలో ఎంతమందికి చేరామో, ఎంతమంది ఎంక్వైరీ పంపారో లెక్క ఇస్తాను' అనండి. ఆ ఒక్క జవాబుతో మీరు పేజీ నడిపే కుర్రాడిలా కాకుండా వ్యాపారం తెలిసిన మనిషిలా కనిపిస్తారు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీ ఊరికి దగ్గర్లోని పారిశ్రామికవాడలో ఏమేం తయారవుతాయో కనుక్కుని ఒక జాబితా రాయండి. వాటిలో మీ సిలబస్‌లో ఉన్నవి ఎన్నో టిక్కు పెట్టండి. టిక్కు పడిన మొదటిదాని గురించి పది లైన్లు రాసి లింక్డ్ఇన్‌లో పెట్టేయండి. పదకొండు లైకులే రావొచ్చు. ఆ పదకొండు మందిలో ఒక ప్లాంట్ మేనేజర్ ఉన్నారేమో చూసుకోండి.